పెరుగు ముందు వడ్డించండి

మా అక్కకు బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ సర్జరీ అయిన నాలుగు నెలలకు సంక్రాంతి వచ్చింది. పండగ రోజు మా మేనత్త బూరెల గిన్నె పట్టుకొచ్చి, "ముఖమంతా పీక్కుపోయిందే! ఒక్క బూరె తినలేవా? నెయ్యి వేస్తాను, అదే జారిపోతుంది" అంది. అప్పటికే నాలుగు ముద్దలు పప్పన్నం తిన్న అక్క కాదనలేకపోయింది. సగం బూరె తినేసరికి గుండెల మధ్య పట్టేసినట్టయి, నోట్లో నీళ్లూరి, పెరట్లోకి పరుగెత్తింది. ఆ పూట అత్తయ్య కూడా అన్నం తినలేదు. తన చేతి వంట వల్లే ఇలా అయిందని ఆమె బాధ. అక్క పొట్టలో ఏం మారిందో ఆమెకు మాలో ఎవరూ చెప్పలేదు.

మామూలు పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు పిడికిలంతే ఉంటుంది. తినడం మొదలుపెట్టగానే దాని పైభాగం వదులై సాగుతుంది. డాక్టర్లు దాన్ని ఫండస్ అంటారు. అలా సాగడం వల్లే లోపల ఒత్తిడి పెద్దగా పెరగకుండా లీటరు దాకా పడుతుంది. పెళ్లి భోజనంలో "చాలండీ" అన్నాక కూడా పెద్దవాళ్ల మాట తీసేయలేక ఇంకో లడ్డూ తినగలుగుతున్నామంటే ఆ వదులు చలవే. స్లీవ్‌లో పొట్టను నిలువునా కత్తిరించి సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. ఫండస్ దాదాపు అంతా ఆ ముక్కతోనే పోతుంది. మిగిలేది అరటిపండు ఆకారంలో ఒక సన్నటి గొట్టం. మొదట్లో అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఓ టీ గ్లాసుడు. అది అంతగా సాగదు కూడా. మొహమాటానికి చోటిచ్చే భాగమే ఇప్పుడు లేదన్నమాట. నిండాక పడిన ప్రతి ముద్దా ఒత్తిడి పెంచుతుంది, చివరికి పైకే తన్నుకొస్తుంది.

ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది కూడా ఫండస్‌లోనే. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావాల బృందం దీన్ని కనుక్కుంది. స్లీవ్ తర్వాత రక్తంలో గ్రెలిన్ బాగా తగ్గిపోతుంది. కాబట్టి "ఆకలిగా లేదత్తయ్యా" అన్న మాటలో అలక వెతకకండి. నిజంగానే ఆకలి ఉండదు.

బరువు తగ్గడానికే చేసే మరో సర్జరీ గ్యాస్ట్రిక్ బైపాస్. అది అయినవాళ్ల కష్టం ఇంకో రకం. వాళ్లకు మిగిలే సంచిలో పట్టేది దాదాపు 30 మిల్లీలీటర్లే. అక్కడి నుంచి తిండి నేరుగా చిన్నపేగులోకి దిగుతుంది. తీపి ఒక్కసారిగా పేగులో పడితే అది ఒంట్లోని నీటిని లోపలికి లాగేస్తుంది. తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు మొదలవుతాయి. దీన్నే డంపింగ్ అంటారు. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత, ఇన్సులిన్ మోతాదుకు మించి వచ్చి, షుగర్ పడిపోయి వణుకు పుడుతుంది. స్లీవ్ అయినవాళ్లలోనూ ఇవి కొందరికి కనిపిస్తాయి. "చక్కెర కాదమ్మా, బెల్లంతో చేశాను" అని నచ్చజెప్పినా లాభం లేదు. బెల్లంలో ఎక్కువ భాగం ఉండేది చక్కెరలోని సుక్రోజే.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది మన వడ్డన వరస. ఈ సర్జరీ తర్వాత రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ తినమంటారు. ఒక గుడ్డులో వచ్చేది 6 గ్రాములే. మన విస్తట్లో ముందు తీపి, పులిహోర, ఆపైన అన్నం పడతాయి. పెరుగు చివర్లో వస్తుంది. పెరుగు అడిగారంటే భోజనం అయిపోయినట్టే లెక్క. టీ గ్లాసంత పొట్ట అక్కడిదాకా ఎలా చేరుతుంది? అందుకే వరస తిరగేయాలి. పప్పు, పెరుగు, గుడ్డో మెత్తగా ఉడికిన చికెన్ ముక్కో ముందు తినాలి. తర్వాత కూర. చోటుంటే అప్పుడు రెండు ముద్దల అన్నం. మెత్తటి అన్నం ముద్దకట్టి కొందరికి గొంతు కింద పట్టేస్తుంది కూడా. నీళ్లు, మజ్జిగ భోజనమయ్యాక అరగంట ఆగి తాగాలి. ఇక వెనక జనం కుర్చీ పట్టుకుని నిలబడే బంతిలో నింపాదిగా నమలడం కుదరదు. ఆఖరి బంతిలో కూర్చోవడమే మేలు.

మొదటి వారాల్లో ద్రవాలు, మెత్తటి తిండి తప్ప విందు మాటే వద్దు. పెళ్లికి ఊరెళ్లినా విటమిన్ మాత్రలు మానకూడదు. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బీ1 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతింటాయి, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

సర్జరీ సంగతి ఊరందరికీ చెప్పక్కర్లేదు. వడ్డించే మనిషికి మాత్రం చెప్పాలి.

ఏడాది దాటాక ఆకలి కొంత తిరిగొస్తుంది. అప్పుడు విందు కన్నా పండగ వెళ్లాక మిగిలిన డబ్బాలతోనే నాకు భయం. జంతికలు, చేగోడీలు నోట్లోనే పొడై జారిపోతాయి. పొట్ట నిండినట్టే తెలియదు. వచ్చీపోతూ గుప్పెడు తింటే బరువు మళ్లీ ఎక్కుతుంది.

మొన్నటి సంక్రాంతికి అత్తయ్య అక్కను తన పక్కన కూర్చోబెట్టుకుంది. ముందు చిన్న గిన్నెలో గడ్డపెరుగు, తర్వాత ముద్దపప్పు పెట్టింది. చివర్లో ఉసిరికాయంత బూరె ఒకటి. దాని కోసమే విడిగా చిన్నగా వేయించిందట. అక్క దాన్ని కొరుక్కుంటూ పది నిమిషాలు తింది.