ఇనుము దొరికితేనే చెలరేగే బూజు

బ్రెడ్డు మీద బూజు పట్టిన చోటు తీసేసి మిగతాది తింటే బ్లాక్ ఫంగస్ (వైద్యుల మాటలో మ్యూకర్‌మైకోసిస్) వస్తుందా అని ఒక పాఠకురాలు అడిగారు. 2021 వేసవిలో ఇలాంటి భయాలు చాలా తిరిగాయి. ఫ్రిజ్‌లో పెట్టిన ఉల్లిపాయల మీది నల్లమచ్చలే ఆ జబ్బు తెస్తాయని వాట్సాప్‌లో ప్రచారం సాగింది. ఆ మచ్చలు ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే వేరే బూజువి. మ్యూకర్‌మైకోసిస్‌ను ఎక్కువగా తెచ్చేది బ్రెడ్డు మీద పెరిగే బూజు జాతికే చెందిన రైజోపస్. దాని సిద్ధబీజాలు మట్టిలో, పెంటకుప్పల్లో, గాలిలో ఎప్పుడూ ఉంటాయి. అందరం పీలుస్తూనే ఉన్నాం. మరి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ ఏడాది రోగులతో ఎందుకు నిండిపోయింది? దేశంలో జూలై నాటికే 45 వేలకు పైగా కేసులు ఎలా వచ్చాయి?

జవాబులో నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోచేది ఇనుము పాత్ర.

ఇనుము లేనిదే ఈ బూజు పెరగదు. మన ఒంట్లో ఇనుముకు కొదవ లేదు కానీ, రక్తరసంలో ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ దాన్ని గాదెలో ధాన్యంలా భద్రపరుస్తుంది. గాదె మూసి ఉన్నంతకాలం రైజోపస్‌కు పస్తే. మధుమేహం బాగా అదుపు తప్పి, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు పేరుకుంటే రక్తం పీహెచ్ 7.4 నుంచి 7.3 కన్నా కిందికి జారుతుంది, అంటే రక్తం ఆమ్లం వైపు మొగ్గుతుంది. చూడటానికి ఎంత చిన్న తేడా! ట్రాన్స్‌ఫెరిన్ పట్టు సడలడానికి అది చాలు. అలాంటి రోగుల రక్తరసంలో రైజోపస్ ఏపుగా పెరిగిందనీ, అదే రక్తరసాన్ని క్షారంగా మారిస్తే పెరగలేదనీ 1982లోనే చూపించారు.

ఇంకా గట్టి ఆధారం డయాలసిస్ రోగుల నుంచి వచ్చింది. ఒంట్లో పేరుకున్న ఇనుమును బయటికి పంపడానికి డిఫెరాక్సమిన్ వాడిన కొందరికి ఇదే జబ్బు సోకింది. ఆ మందు పట్టుకున్న ఇనుమును రైజోపస్ విడదీసి లోపలికి లాక్కోగలదు. గాదెలోని ధాన్యాన్ని బండికెత్తి దొంగ వాకిట్లో దించినట్టయింది.

బడిలో రైజోపస్ బొమ్మ గీయించి, భాగాలు గుర్తించమని వదిలేస్తాం. ఈ ఇనుము కథ చెబితే పిల్లలు జన్మలో మరచిపోరు.

అధిక గ్లూకోజు, ఇనుము, బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ అనే కీటోన్ కలిసి రక్తనాళాల లోపొర కణాల మీద జీఆర్‌పీ78 అనే ప్రొటీన్‌ను పెంచుతాయి. బూజు మీద దానికి అతుక్కునే కాట్‌హెచ్3 అనే ప్రొటీన్ కూడా పెరుగుతుంది. అవి కలిస్తే తంతువులు నాళంలోకి చొరబడతాయి, నెత్తురు గడ్డకడుతుంది. అంగిలి మీద కనిపించే నలుపు బూజు రంగు కాదు, రక్తం అందక చచ్చిన కణజాలానిది. కోవిడ్‌లో ఎందరినో కాపాడిన స్టెరాయిడ్లే చక్కెరను పెంచి, సిద్ధబీజాలను మింగే రక్షక కణాలను మందగింపజేశాయి.

అందుకే బూజును చంపే మందు ఆంఫోటెరిసిన్ బి ఒక్కటే ఇస్తే సరిపోదు. చక్కెరను, ఆమ్లాన్ని వెంటనే అదుపులోకి తేవాలి. నెత్తురు పారని చోటికి మందు కూడా చేరదు కాబట్టి, చచ్చిన భాగాన్ని కోసి తీసేయాలి. కొన్నిసార్లు కంటితో సహా.