బత్తాయి తోట, మెమరీ చిప్పు: ర్యామ్ ధరల వెనుక కథ

2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు ప్రపంచమంతటా ఎగబాకాయి. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పాత ల్యాప్‌టాప్‌కు మెమరీ పెంచుకుందామని దుకాణానికి వెళ్లే డిగ్రీ విద్యార్థికి కూడా ఆ సెగ తగిలేదే. ఏఐ వల్ల రేట్లు పెరిగాయని ఒక్క మాటలో చెప్పేస్తున్నారు. అది సగం నిజం. ఒకప్పుడు పలు దేశాల్లో ఉండిన డీర్యామ్ (కంప్యూటర్లు, ఫోన్లలో ర్యామ్‌గా వాడే మెమరీ చిప్) తయారీదారుల్లో చివరికి పెద్దవారు ముగ్గురే ఎలా మిగిలారో తెలిస్తే గానీ రెండో సగం అర్థం కాదు.

ఈ జిల్లా రైతుకు ఆ లెక్క కొత్తది కాదు. బత్తాయికి మంచి ధర పలికిన ఏడు అందరూ మొక్క నాటుతారు, కాపు మాత్రం నాలుగైదేళ్లకు గానీ రాదు, వచ్చేసరికి మార్కెట్ నిండిపోయి ధర పడిపోతుంది, అప్పుల భారం మోయలేని వారు తోట కొట్టేస్తారు. డీర్యామ్‌దీ అదే కథ. ఫ్యాబ్, అంటే చిప్‌లు తయారుచేసే కర్మాగారం, కట్టి సరుకు తీయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఎవరు చేసిన చిప్ అయినా ఒకే ప్రమాణానికి లోబడి ఉంటుంది గనుక కొనేవారు ప్రధానంగా ధరనే చూస్తారు. ఖాళీగా ఉంచిన ఫ్యాబ్ కూడా ఖర్చు తినేదే గనుక ధర పడినా ఉత్పత్తి ఆపడానికి ఎవరికీ మనసు ఒప్పదు.

1970లో 1103 చిప్‌తో ఈ వ్యాపారానికి ఊపు తెచ్చిన ఇంటెల్, జపాన్ కంపెనీల ధాటికి నిలవలేక 1985లో డీర్యామ్ నుంచే తప్పుకుంది. మరుసటి ఏడాది జపాన్ చిప్‌లను మరీ చౌకగా అమ్మకుండా అమెరికా, జపాన్‌ల మధ్య సెమీకండక్టర్ ఒప్పందం కుదిరింది. ఈ సందులో ఎదిగింది కొరియా కంపెనీ శామ్‌సంగ్. 1983లో 64కే డీర్యామ్‌తో అడుగుపెట్టి, ఆ వెంటనే వచ్చిన మాంద్యంలో నష్టాలు భరిస్తూనే పెట్టుబడి కొనసాగించి, 1990ల తొలినాళ్లకు అగ్రస్థానానికి చేరింది. తోట కొట్టేయని వాడికే తర్వాతి కాపు దక్కుతుందని మిగతావారు ఆలస్యంగా గ్రహించారు.

ఆ తర్వాత వరుసగా పతనాలు. జర్మనీకి చెందిన కిమోండా 2009లో దివాలా తీసింది. హిటాచీ, ఎన్ఈసీల మెమరీ విభాగాలు కలిసి ఏర్పడిన ఎల్పిడా 2012లో అదే దారి పట్టగా, 2013లో అమెరికా కంపెనీ మైక్రాన్ దాన్ని కొనుక్కుంది. కొరియాలో హ్యుందాయ్ ఎలక్ట్రానిక్స్ వారసురాలైన హైనిక్స్ 2012లో ఎస్కే గ్రూపు చేతికి వచ్చి ఎస్కే హైనిక్స్ అయింది. అంతకు ముందే కంపెనీలు కూడబలుక్కుని ధరలు నిర్ణయించిన కేసులో 2005లో శామ్‌సంగ్ అమెరికాలో నేరం ఒప్పుకుని 30 కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. శామ్‌సంగ్, ఎస్కే హైనిక్స్, మైక్రాన్ ముగ్గురే పెద్దవారుగా మిగిలిన మార్కెట్‌ను అనుమానంగా చూసేవారిని అందుకే తప్పుపట్టలేము.

2013లో ఎస్కే హైనిక్స్ తెచ్చిన హెచ్‌బీఎం, అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన మెమరీ, చాలాకాలం చిన్న వ్యాపారంగానే ఉండిపోయింది. ఏఐ ప్రాసెసర్లకు అది అత్యవసరం కావడంతో లెక్క తారుమారై, 2025 తొలి త్రైమాసికంలో ఎస్కే హైనిక్స్ డీర్యామ్ ఆదాయంలో మొదటిసారి శామ్‌సంగ్‌ను దాటింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది: అంతే సామర్థ్యమున్న మామూలు డీర్యామ్‌తో పోలిస్తే హెచ్‌బీఎంకు సుమారు మూడు రెట్ల సిలికాన్ వేఫర్లు, అంటే చిప్‌లు చెక్కే పలుచని బిళ్లలు, కావాలి. బోరు నీళ్లన్నీ తోటకు మళ్లిస్తే వరి మడి ఎండినట్టు, లాభసాటి హెచ్‌బీఎంకు ఫ్యాబ్‌లను మళ్లించేసరికి సాధారణ ర్యామ్‌కు కరువొచ్చింది. 2025 డిసెంబరులో మైక్రాన్ క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు మెమరీ అమ్మే వ్యాపారం నుంచే వైదొలుగుతున్నట్టు ప్రకటించింది.

హైదరాబాద్‌లో మైక్రాన్ పరిశోధన కేంద్రం, గుజరాత్‌లోని సనంద్‌లో 2023లో ప్రకటించిన ప్లాంటు మనకు దగ్గరివే అయినా, సనంద్‌లో జరిగేది చిప్‌ల కూర్పు, పరీక్ష మాత్రమే; వేఫర్ల కొరతను అది తీర్చలేదు. అమెరికాలోని బోయిజ్‌లో మైక్రాన్, కొరియాలోని యోంగిన్‌లో ఎస్కే హైనిక్స్ కడుతున్న ఫ్యాబ్‌లు 2027ను లక్ష్యంగా పెట్టుకున్నాయి. అవి కాపుకొచ్చేనాటికి ఏఐ గిరాకీ ఇలాగే ఉంటుందో లేదో ఆ కంపెనీలే చెప్పలేవు. అయినా అందరూ ఇప్పుడే నాటుతున్నారు.