కుటుంబ నియంత్రణ ప్రకటనల్లోంచి మగవాళ్లు ఎప్పుడు తప్పుకున్నారు?

మాలా, సహేలీ, అంతర, ఛాయ. వింటే పక్కింటి ఆడపిల్లల్ని పిలిచినట్టుంటుంది. ఇవన్నీ పిల్లలు పుట్టకుండా వాడే మందుల పేర్లు, మూడు మాత్రలు, ఒక ఇంజెక్షన్. మగవాళ్ల కోసం తెచ్చిన కండోమ్‌కి మాత్రం 'నిరోధ్' అని పెట్టారు. అంటే అడ్డుకోవడం. ఏ మగాడి పేరూ దానికి పెట్టలేదు.

మొదట్నించీ ఇలా లేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను. మన దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైంది. 1960లలో దీప్ త్యాగి అనే అధికారి చలవతో కుటుంబ నియంత్రణకి గుర్తుగా ఎర్ర త్రికోణం వచ్చింది, దానితో పాటు నాలుగు ముఖాల బొమ్మ: అమ్మ, నాన్న, కొడుకు, కూతురు. ఊరూరా గోడల మీద, బస్సుల మీద అదే బొమ్మ. అందులో నాన్న కూడా ఉన్నాడు కదా! 1968లో నిరోధ్ వచ్చినప్పుడు 15 పైసలకు 3 ఇచ్చేవారు. టీ పొడి, సబ్బులు అమ్మే పెద్ద కంపెనీల ద్వారా దాన్ని చిన్నచిన్న కొట్లకు చేర్చారు. ప్రకటన నేరుగా మగవాడితోనే మాట్లాడిన కాలం అది. 1971 జులైలో కేరళలోని ఎర్నాకుళంలో ఒక్క శిబిరంలోనే 60 వేల మందికి పైగా మగవాళ్లు వేసెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా మగవాళ్లకు చేసే ఆపరేషన్, చేయించుకున్నారు. "మనవాళ్లు ఎక్కడ ఒప్పుకుంటారండీ" అనేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ సంగతే చెప్తాను.

తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలో సుమారు 82 లక్షల ఆపరేషన్లు జరిగితే అందులో 60 లక్షలకు పైగా మగవాళ్లకే. టార్గెట్లు పెట్టి, భయపెట్టి, ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకెళ్లి చేశారు. అది ఘోరమే, అందులో రెండో మాట లేదు. 1977 ఎన్నికల్లో జనం ఆ ప్రభుత్వాన్ని దించేశారు, 'కుటుంబ నియంత్రణ' అన్న పేరు కూడా 'కుటుంబ సంక్షేమం' అయింది. కానీ నాయకులు నేర్చుకున్నది బలవంతం తప్పని కాదు, మగాడి జోలికి పోతే ఓట్లు పోతాయని. అక్కడి నుంచి భారమంతా ఆడవాళ్ల కడుపు మీదకి వచ్చింది, ప్రకటనలూ అటే తిరిగాయి.

లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 38 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే ఆడవాళ్లకు చేసే ఆపరేషన్, మీద ఆధారపడుతున్నారు, వేసెక్టమీ 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ట్యూబెక్టమీ 70 శాతం దగ్గర ఉంది. అదే సర్వేలో మగవాళ్లలో మూడో వంతు పైగా గర్భనిరోధం ఆడవాళ్ల పని అన్నారు. కోత లేని వేసెక్టమీకి కుట్లు పడవు, ఆ రోజే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆడవాళ్లకైతే కడుపు కోయాలి. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర శిబిరంలో కొన్ని గంటల్లో 83 మందికి చేశారు, 13 మంది చనిపోయారు. 2022లో తెలంగాణలోని మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేశారు, నలుగురు తల్లులు పోయారు.

ప్రైవేటు కంపెనీల ప్రకటనలూ ఈ అలవాటును ముదర బెట్టాయి. 1991లో కామసూత్ర అనే కండోమ్ బ్రాండ్ వచ్చినప్పటి నుంచి కండోమ్ ప్రకటనలో మగవాడికి అమ్మింది సుఖం, దానికి ఆడదాని ఒళ్లు చూపించారు. 2007లో ఐ-పిల్ వచ్చింది, కలిసిన 72 గంటల్లో గర్భం రాకుండా వేసుకునే మాత్ర. అలాంటి మాత్రల ప్రకటనల్లో టెన్షన్ పడే ముఖం అమ్మాయిదే. ఒకే రాత్రి, ఒకే ఇద్దరు మనుషులు, కానీ అతనికి సరదా, ఆమెకి భయం. 2017లో కండోమ్ ప్రకటనలు రాత్రి 10 తర్వాతే వేయాలని కేంద్రం చెప్పింది. అభ్యంతరం పిల్లలు చూస్తారనే గానీ, అందులో బాధ్యత అన్న మాటే లేదని కాదు.

మా అక్కకి రెండో కాన్పు అయిన మర్నాడు వార్డులోకి సిస్టరమ్మ వచ్చి "ఆపరేషన్ కూడా చేసేద్దామా అమ్మా?" అని అడిగింది. అక్క పక్కమీద లేచి కూర్చోడానికే ఇబ్బంది పడుతోంది. బావ ఫ్లాస్కు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆయన వెనక గోడ మీద వేసెక్టమీ పోస్టరు, ఒక మూల ఊడి వేలాడుతోంది. అక్క సంతకం పెట్టేసింది. బావని సిస్టరమ్మ ఏమీ అడగలేదు. మేమూ అడగలేదు.