యుద్ధం చూసిన నర్సు మగ్గం ఎందుకు నేస్తాది? కొన్ని అపోహలు, వాస్తవాలు

పుట్టింది ధర్మవరంలో పట్టు నేసే ఇంట్లో, చేసింది మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో, రిటైరయినాక అనంతపురంలో ఇల్లు కట్టుకుని మళ్ళీ మగ్గం పెట్టుకున్నా. పెళ్ళిళ్ళలో, బ్యాంకు క్యూలో ఎక్కడ కనపడినా జనం అడిగేవి అవే నాలుగు మాటలు కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా, ఇంక ఎవరైనా అడిగితే ఇది పంపిస్తా.

అపోహ: పాపం, యుద్ధంలో ఏమేమి చూసిందో, అది మర్చిపోవడానికే నేసుకుంటా ఉంది.

వాస్తవం: ఇది నా మొహమ్మీదే అంటారు, అదీ గొంతు తగ్గించి. కండెలు చుట్టడం, ఆసు పోయడం లాంటి మగ్గం పనులు నాకు నర్సింగ్ కంటే ముందే వచ్చు, మా ఇంట్లో పిల్లలందరికీ వచ్చు. 1999లో కార్గిల్ టైంలో బేస్ హాస్పిటల్ సర్జికల్ వార్డులో డ్యూటీ చేసినప్పుడు కూడా రూముకొచ్చి సూదీ దారం పట్టుకునేదాన్ని, ఎందుకంటే ఆ పని నాకిష్టం, అంతే. డ్యూటీ దిగి క్యారమ్స్ ఆడే డాక్టర్‌ని మాత్రం "ఏం మర్చిపోవడానికి ఆడుతున్నావప్పా" అని ఎవరూ అడగరు.

అపోహ: వార్ నర్సు అంటే గుండ్లు పడే చోటికి పరిగెత్తి సైనికుణ్ణి ఎత్తుకొచ్చేది.

వాస్తవం: అది సినిమా. ముందు లైన్లో ఫస్ట్ ఎయిడ్ చేసేది నర్సింగ్ అసిస్టెంట్లు, వాళ్ళూ సైనికులే, వాళ్ళ వెనకాల రెజిమెంటల్ ఎయిడ్ పోస్ట్‌లో డాక్టర్ ఉంటాడు, అక్కడినుంచి అడ్వాన్స్‌డ్ డ్రెస్సింగ్ స్టేషన్, ఫీల్డ్ హాస్పిటల్, వీలైతే హెలికాప్టర్లో బేస్ హాస్పిటల్. మా పని చాలావరకు ఆ వెనక చివర్లోనే. తుపాకీ గుండు దెబ్బలే ఉంటాయనుకుంటారు గానీ ఫిరంగి గుండు పేలి ఎగిరే ముక్కలు గుచ్చుకున్నవాళ్ళు, చలికి వేళ్ళు చచ్చుబడినవాళ్ళు, ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్ళు కూడా మాకు వచ్చేవాళ్ళు. ఇంకొకటి, మమ్మల్ని "నర్సమ్మా" అంటే తప్పులేదు గానీ మేము కమిషన్డ్ ఆఫీసర్లం, లెఫ్టినెంట్ నుంచి మేజర్ జనరల్ దాకా ర్యాంకులుంటాయి. ఈ సర్వీస్ నిన్నమొన్నటిది కూడా కాదు, 1888లో పదిమంది బ్రిటిష్ నర్సులు బొంబాయిలో దిగినప్పటినుంచీ ఉన్నదే.

అపోహ: నేతింటి పిల్ల కదా, గాయాలు బాగా కుట్టి ఉంటాది.

వాస్తవం: ఆపరేషన్ థియేటర్‌లో కుట్టేది సర్జన్, మేము నీడిల్ హోల్డర్‌కి సూది తగిలించి, ఏ దారం ఎప్పుడు కావాలో చూసి చేతికందిస్తాం. బట్ట కుట్టేటప్పుడు ఒకే దారం తెగకుండా వరసగా పోతా ఉంటాది, చర్మం మీద చాలాసార్లు ఒక్కో కుట్టుకీ ఒక్కో ముడి. ఒకటి చీముపట్టినా ఆ ఒక్కటే తీసేయొచ్చు కదా, అందుకు.

కానీ పట్టుకీ ఆపరేషన్‌కీ చుట్టరికం నిజంగానే ఉంది. సర్జికల్ సిల్క్ కూడా మన పట్టుపురుగు దారమే. మా ఇంట్లో పట్టుని సబ్బునీళ్ళలో ఉడకబెట్టి జిగురు తీసేవాళ్ళు, ఉజ్జాయింపుగా నాలుగో వంతు బరువు పోతాది. సూచర్ దారానికి, అంటే గాయం కుట్టే దారానికి కూడా ఆ జిగురు తీసి, పోగులు జడలాగా అల్లి, పైన మైనమో సిలికానో పూస్తారు. నంబర్ల లెక్క మాత్రం నాకు మొదట్లో తమాషాగా ఉండేది, నూలులో నంబరు పెరిగితే పోగు సన్నం, పట్టులో డెనియర్ అనే లెక్క పెరిగితే లావు, సూచర్లో సున్నాలు పెరిగేకొద్దీ సన్నం.

ఫ్రాన్స్‌లో పట్టుకి పేరుమోసిన ఊరు లియాన్. అలెక్సిస్ కారెల్ అనే డాక్టర్ అక్కడ లెరూడియే అనే ఎంబ్రాయిడరీ ఆమె దగ్గర సన్న సూదిపని నేర్చుకుని, తెగిన రక్తనాళాలు కలిపి కుట్టే పద్ధతి తయారుచేసి 1912లో నోబెల్ తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అదే మనిషి కెమిస్ట్ డేకిన్‌తో కలిసి పుండ్లు కడిగే హైపోక్లోరైట్ ద్రావణం తెచ్చాడు, ఆయన పనిచేసిన ఆసుపత్రిలోనే ఆయన భార్య నర్సు. ఎంబ్రాయిడరీ ఆమె పేరు మాత్రం మాకు క్లాసులో ఒక్కరూ చెప్పలేదు.

అపోహ: ఎంబ్రాయిడరీ ఆడోళ్ళ పని.

వాస్తవం: ధర్మవరం వచ్చి మగ్గాల మీద ఎవరు కూర్చున్నారో చూడండి. ఎంబ్రాయిడరీయే కావాలంటే, లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో బలిపీఠం ముందు పరిచే గుడ్డని మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన 138 మంది సైనికులు కుట్టారు.

అపోహ: ఖైదులో ఆడవాళ్ళు కుట్టుకున్నది టైంపాస్.

వాస్తవం: 1941 డిసెంబర్‌లో హాంకాంగ్ జపాన్ చేతికి పోయింది. అక్కడ వాలంటీర్ నర్సుగా చేసిన డే జాయిస్‌ని స్టాన్లీ క్యాంపులో పెట్టారు, ఆమె ఒక దుప్పటి మీద దాదాపు 1100 పేర్లు, గుర్తులు, బొమ్మలు కుట్టింది, అదొక సంకేతాల డైరీ. నోటుబుక్ అయితే పట్టుకుంటారు, పక్క మీద పరిచిన దుప్పటిని ఎవరు చదువుతారు! సింగపూర్ చాంగీ జైల్లో కూడా 1942లో ఆడవాళ్ళు 66 ముక్కల చొప్పున మూడు బొంతలు కుట్టి ఆసుపత్రికి పంపించారు, వేరేచోట ఖైదులో ఉన్న భర్తలకి మేము బతికే ఉన్నామని తెలియాలని ముక్కల మీద పేర్లు కుట్టుకున్నారు. మూడింట్లో ఒకటి గాయపడిన జపాన్ సైనికుల కోసం అని రాశారు, చూడండి ఎంత తెలివో, లేకపోతే మిగతా రెండూ గేటు దాటేవా?

అపోహ: మగ్గం మీంచి తీసిన కొత్త నూలు గుడ్డ గాయానికి మంచిది.

వాస్తవం: కోరా గుడ్డ మీద నీటిబొట్టు వేసి చూడండి, జారిపోతాది. దూది మీద సహజంగా ఉండే మైనం, నేసేవాళ్ళు పెట్టిన గంజి రెండూ నీళ్ళని పీల్చనివ్వవు, అందుకే గాజ్‌ని, అంటే గాయం మీద వేసే పల్చటి గుడ్డని, ఉడికించి బ్లీచ్ చేసి ఆ తర్వాత స్టెరిలైజ్ చేస్తారు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె బాగా పీలుస్తాది, విరిగిన చేతికి జోలె కట్టడానికి బ్రహ్మాండం, కానీ శుభ్రంగా ఉంది కదా అని తెరిచిన పుండు మీద నేరుగా వేయొద్దు, మెడికల్ షాపులో సీల్ వేసిన గాజ్ ప్యాకెట్ తెచ్చుకోండి. రక్తం ఆగకుండా కారుతుంటే మాత్రం ప్యాకెట్ కోసం వెతుక్కుంటా కూర్చోకుండా చేతికందిన శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి ఆసుపత్రికి తీసుకుపోండి.