ఉప్పూ పంచదారా కలిసి వెళ్లే దారి

చిరంజీవులు అమ్ములుకీ, చిన్నోడికీ అమ్మమ్మ ఆశీస్సులు.

పరీక్షలో కణత్వచం మీద ప్రశ్న వస్తుందని పుస్తకంలోని వాక్యాలు బట్టీ పట్టేశావట కదా అమ్ములూ, మీ అమ్మ చెప్పింది. "కణం చుట్టూ ఉండే పల్చటి పొర. ఇది విచక్షణా త్వచం." అందులో తప్పేమీ లేదు. కాకపోతే కొన్నిటిని రానిచ్చి కొన్నిటిని ఆపే ఆ "విచక్షణ" అన్న మాట వెనక ఎంత పని జరుగుతుందో పుస్తకం చెప్పదు. ఇన్నేళ్లు జీవశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను. చిన్నోడా, అర్థం కానిచోట అక్కని అడుగు.

ముందు దాని మందం చూడండి. 7 నుంచి 8 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మీ నోటుబుక్కులో ఒక్క కాగితం మందంలో ఇలాంటి పొరలు పదివేలు పేర్చవచ్చు. అంత పల్చటిదాని నిర్మాణం మామూలు మైక్రోస్కోపుకి కనబడదు. మరి అందులో ఏముందో ఎలా తెలిసింది?

1925లో హాలండ్‌లోని లైడెన్‌లో గోర్టర్ అనే పిల్లల డాక్టరు, గ్రెండెల్ అనే మరో శాస్త్రవేత్త కలిసి ఒక ప్రయోగం చేశారు. మనిషి, కుక్క, కుందేలు, గొర్రె, మేక వంటివాటి ఎర్ర రక్తకణాలు తీసుకున్నారు. మన ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు, లోపల వేరే పొరలూ ఉండవు. కాబట్టి దాన్నుంచి వచ్చే కొవ్వంతా పైపొరదే. ఆ కొవ్వును వేరు చేసి, నీటి మీద ఒక్క అణువు మందాన పరిచి కొలిచారు. అది కణాల పైభాగం వైశాల్యానికి రెట్టింపు వచ్చింది. అంటే పొరలో కొవ్వు అణువులు రెండు వరసలుగా ఉన్నాయన్నమాట! ఆ ప్రయోగంలో రెండు లోపాలున్నాయని తర్వాత తేలింది. కొవ్వంతా బయటికి రాలేదు, కణాల వైశాల్యాన్నీ తక్కువగా లెక్కవేశారు. కొవ్వూ, వైశాల్యమూ రెండూ తగ్గడంతో రెట్టింపు అన్న లెక్క సరిపోయింది. రెండు వరసలన్న మాట మాత్రం ఇప్పటికీ నిలిచే ఉంది.

రెండు వరసలే ఎందుకంటే, ఆ అణువుల స్వభావం అలాంటిది. వాటిని ఫాస్ఫోలిపిడ్లు అంటారు. ఒక్కోదానికి నీటితో కలిసే తల ఒకటి, నీటిని దగ్గరికి రానివ్వని కొవ్వు తోకలు రెండు. కణం బయటా నీరే, లోపలా నీరే. కాబట్టి తలలు రెండు వైపులా నీటిని తాకుతూ నిలబడతాయి, తోకలు మధ్యలో దాక్కుంటాయి. ఎవరూ పేర్చక్కర్లేదు, నీళ్లలో వేస్తే వాటంతట అవే అలా సర్దుకుంటాయి.

అలాగని ఆ కొవ్వు అణువులూ, వాటి మధ్య ఇమిడిన ప్రోటీన్లూ ఉన్నచోటే బిగుసుకుని ఉండవు. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపి ఒకే కణం చేశారు. ఎలుక ప్రోటీన్లు ఒక రంగులో, మనిషివి ఇంకో రంగులో మెరిసేలా చేశారు. మొదట చెరో సగంలో ఉన్న రంగులు, మన ఒంటి వేడిలో ఉంచితే 40 నిమిషాల్లో పొరంతా కలిసిపోయాయి. బాగా చల్లబరిస్తే కదల్లేదు. జాతరలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ పక్కలకి జరుగుతూనే ఉంటాయన్నమాట. 1972లో సింగర్, నికల్సన్ ఈ సంగతులన్నీ కూర్చి ఇచ్చిందే మీ పుస్తకంలోని ద్రవ మొజాయిక్ నమూనా.

ఇక విచక్షణ సంగతి. మధ్యలో కొవ్వు ఉంది కదా, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అందులోంచి సులువుగా దూరిపోతాయి. ఉప్పు, పంచదార దూరలేవు. నీరు కూడా కొంచెమే వెళ్లగలదు. వాటికి దారి ఇచ్చేవి పొరలో ఇమిడిన ప్రోటీన్లు. నీటికోసమే ఉన్న ప్రోటీన్, ఆక్వాపోరిన్, పని ఏమిటో 1992లో పీటర్ ఆగ్రే బృందం తేల్చింది. అలాంటి ఒక్క దారిలో సెకనుకి సుమారు 300 కోట్ల నీటి అణువులు వెళతాయి. ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది.

కొన్ని ప్రోటీన్లు దారి ఇచ్చి ఊరుకోవు, శక్తి ఖర్చుపెట్టి తోడతాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌ 1957లో కనుక్కున్న సోడియం పొటాషియం పంపు అలాంటిదే. 3 సోడియంలను బయటికి తోసి, 2 పొటాషియంలను లోపలికి తెస్తుంది. మనం ఊరికే కూర్చున్నా శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు ఐదో వంతు దీనికే పోతుంది. ఆ శక్తి కణంలోని ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆ ఏటీపీని కండరాల్లోంచి వేరు చేసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని బలి తీసుకుంది. ఆ పేరు తలుచుకుంటే నాకు గర్వమూ దుఃఖమూ కలిసే వస్తాయి.

ఇప్పుడు పేగులోకి రండి. పేగు గోడలోని కణం తన వెనకవైపు, అంటే రక్తం వైపు, ఆ పంపుతో సోడియంను తోసేస్తూ ఉంటుంది. లోపల సోడియం తగ్గుతుంది కాబట్టి పేగులో ఉన్న సోడియం, అంటే తిన్న ఉప్పులోది, లోపలికి రావాలని చూస్తుంది. అక్కడొక ప్రోటీన్ ఉంది. గ్లూకోజ్‌ని వెంటబెట్టుకుని వస్తేనే అది సోడియంను రానిస్తుంది. రెండు సోడియంలు, ఒక గ్లూకోజ్. వాటి వెనకే నీరూ వస్తుంది. రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో ఈ మాట చెప్పాడు.

కలరా వస్తే పేగు కణాల్లోంచి క్లోరైడ్ వెళ్లే దారులు తెరుచుకుపోతాయి. ఉప్పూ నీరూ బయటికి పారిపోతాయి. కానీ ఉప్పూ గ్లూకోజ్ కలిసి వచ్చే దారిని మాత్రం కలరా పాడుచేయలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శిబిరంలో కలరాతో చనిపోతుంటే, సెలైన్ సీసాలు చాలని స్థితిలో దిలీప్ మహలనబిస్ ఆ దారినే నమ్ముకున్నారు. ఆయనా పిల్లల డాక్టరే. ఉప్పు, గ్లూకోజ్, తినే సోడా నీళ్లలో కలిపి తాగించారు. ఇప్పుడు మనం ఓఆర్ఎస్ అనేది ఇలాంటి నీళ్లనే. దాదాపు నూటికి 30గా ఉన్న చావులు 4 లోపుకి దిగాయి. 7 నానోమీటర్ల పొరలోని ఒక ప్రోటీన్ మీద అన్ని ప్రాణాలు ఆధారపడ్డాయి!

లెక్క తప్పితే ఇదే పొర ఎదురు తిరుగుతుంది. పేగులో పంచదార మరీ ఎక్కువైతే నీరు లోపలికి రావడానికి బదులు ఒంట్లోంచే పేగులోకి పోతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తీపి డ్రింకులకు ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మడం అందుకే ప్రమాదం. దాని మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది.

మందుల షాపులో దొరికే అసలు ఓఆర్ఎస్ ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉంటుంది, చూసి కొనండి. లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. ప్యాకెట్టు దొరక్కపోతే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు, స్పూను అంచుకి సమంగా గీసి వేయండి. పంచదారను గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్ కూడా పేగు కణాల ఆ పొరకే అంటుకుని ఉంటుంది, కాబట్టి ఇంట్లో పంచదారైనా పనిచేస్తుంది. కొద్దికొద్దిగా తాగించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. మూత్రం రాకపోయినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ