తుఫాను వేళ ఇంట్లో తాతా మామ్మా: అపోహలు - వాస్తవాలు

అక్టోబరు వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో పెద్దవాళ్ళ చూపు సముద్రం వైపే ఉంటుంది. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబరు 11న దాటింది. మొదటిది గోపాలపూర్ దగ్గర, రెండోది విశాఖ దగ్గర. తిత్లీ మాత్రం తెల్లవారుజామున పలాస దగ్గర దాటి మా తోటల మీదుగానే పోయింది.

ఏఎన్‌ఎంగా ఈ ఊళ్ళలో ఇల్లిల్లూ తిరుగుతాను. చాలా ఇళ్ళలో కొడుకూ కోడలూ వలస వెళ్ళి ఉంటారు, చెన్నైకో హైదరాబాదుకో అండమాన్‌కో. ఇంట్లో మిగిలేది తాత, మామ్మ, బడికెళ్ళే మనవలు. తుఫాను వచ్చిన రాత్రి ఆ ఇంటిని నడిపేది డెబ్బై ఏళ్ళ మనిషే. అందుకే పెద్దవాళ్ళ గురించి జనం అనుకునే మాటల్లో ఏది తప్పో చెప్పాలనిపించింది.

అపోహ: ముసలివాళ్ళది మొండితనం. ఎంత చెప్పినా ఇల్లు కదలరు.

ఇది నేను ఒప్పుకోను. రానన్న ప్రతి మనిషి దగ్గరా ఒక కారణం ఉంటుంది. మనం కూర్చుని అడగం, అంతే.

ఒక మామ్మ పునరావాస కేంద్రానికి రానని తలుపు గడియ పెట్టుకుంది. గ్రామ సచివాలయం వాళ్ళు వచ్చారు, ఊరి పెద్దలు వచ్చారు, అందరూ కేకలేసి వెళ్ళిపోయారు. నేను లోపలికెళ్ళి పక్కన కూర్చున్నాక నెమ్మదిగా చెప్పింది. "అక్కడ రాత్రి రెండు మూడుసార్లు లేవాలంటే ఎలాగమ్మా? అంతమంది మగాళ్ళ మధ్యలోంచి వెళ్ళాలా? మోకాళ్ళు వంగవు నాకు." ఆవిడ భయం తుఫాను గురించి కాదు, మరుగుదొడ్డి గురించి. మధ్యలో గుండ్రంగా కోసిన ప్లాస్టిక్ కుర్చీ, దాని కింద బకెట్టు, చుట్టూ ఒక పాత చీర అడ్డం కడతానని మాటిచ్చాను. పది నిమిషాల్లో సంచీ సర్దుకుంది.

ఇంకొకరికి మెట్ల భయం. పాత తుఫాను షెల్టర్లు నీళ్ళు రాకుండా స్తంభాల మీద ఎత్తుగా కట్టినవి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఆ మెట్లే పెద్ద కొండ. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు కుర్రాళ్ళు ఎత్తుకెళ్తామని ముందు రోజే చెప్పాలి. వాన మొదలయ్యాక చెబితే ఒప్పుకోరు.

ఇంకొకరికి ఆవు. దాన్ని వదిలేసి ఎలా వస్తారు? ఇక్కడ చెప్పాల్సిన మాట ఒక్కటే, పలుపు విప్పేయండి. కట్టేసిన పశువు మునిగిపోతుంది, లేదా కొట్టం మీద పడి చనిపోతుంది. విప్పేసినది మెరక వెతుక్కుంటుంది. ఈ మాట వినగానే బయల్దేరిన తాతలను చూశాను.

కొంతమంది అసలు మైకు ప్రకటనే వినరు. చెవులు వినపడని మనిషిని పట్టుకుని మొండి అంటున్నాం మనం.

అపోహ: పదో నంబరు జెండా ఎగరేస్తేనే ప్రమాదం. ఎనిమిదైతే ఇంకా టైముంది.

ఆ నంబర్లు ఓడల కోసం. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ ఒకే స్థాయి, మహా ప్రమాద హెచ్చరికలే. ఎనిమిది, తొమ్మిది అంటే తుఫాను ఆ రేవుకు ఒక పక్క నుంచి దాటుతుందని, పది అంటే రేవు మీదుగానో దాన్ని ఆనుకునో దాటుతుందని. కళింగపట్నం రేవులో ఏ నంబరు ఎగిరిందన్నదాన్ని బట్టి మీ తాతను కదిలించాలో వద్దో తేల్చుకోకండి. తీరం దాటడానికి 24 గంటల ముందే వాతావరణ శాఖ ఏ జిల్లాకు ఎంత గాలి, ఎంత వాన అన్నది చెబుతుంది. నడవలేని మనిషి ఉన్న ఇల్లు ఆ మాట వినగానే బయల్దేరాలి. మిగతా ఊరి కంటే కనీసం సగం రోజు ముందు.

అపోహ: గాలి ఆగిపోయింది, ఇక ఇంటికెళ్ళొచ్చు.

తుఫాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మన మీదుగా పోతున్నప్పుడు గాలి ఒక్కసారిగా తగ్గుతుంది. కాసేపటికి రెండోవైపు నుంచి మళ్ళీ అంత గట్టిగానూ వస్తుంది. ఇల్లు ఎలా ఉందో చూసొస్తానని తాతలు లేచేది సరిగ్గా అప్పుడే.

అపోహ: కరెంటు పోతే ఫ్రిజ్ ఆగిపోతుంది, ఇన్సులిన్ పాడైపోతుంది. అందుకే మానేశాం.

తిత్లీ తర్వాత కొన్ని ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రోజుల్లో ఈ మాట చాలా చోట్ల విన్నాను. ఇన్సులిన్ పాడవడం కంటే మానేయడం పెద్ద ప్రమాదం. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు వేడిలో సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. కొన్ని రకాలకు గడువు వేరు, డబ్బా మీద చూడండి. పెద్ద మట్టి కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, ఇన్సులిన్‌ను తడవకుండా కవరులో చుట్టి ఆ చిన్న కుండలో ఉంచండి. మూత మీద తడిబట్ట వేసి నీడలో పెట్టండి. ఐసు ముక్కల మీద మాత్రం పెట్టొద్దు, గడ్డకడితే ఇక పనికిరాదు. తేటగా ఉండాల్సిన మందు మబ్బుగా మారినా, ఉండలు కట్టినా వాడొద్దు. తిండి సరిగా దొరకని రోజున డోసు ఎంత తగ్గించాలో డాక్టరును ముందే అడిగి రాయించుకోండి.

బీపీ మాత్రలూ అంతే. కొన్ని రకాలు ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగబాకుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో రెండు వారాల మాత్రలు ఎప్పుడూ అదనంగా ఉండాలి.

అపోహ: కొబ్బరి నీళ్ళు ఎవరికైనా మంచివే.

ఈ ఒక్కటీ మా ఊళ్ళవాళ్ళు తప్పకుండా చదవాలి. గాలివాన తగ్గాక తోట నిండా చెట్లు పడి ఉంటాయి, బోండాలు ఎక్కడ చూసినా ఉంటాయి. మంచినీళ్ళు దొరకవు. అందరూ బోండాలే తాగుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. కానీ ఉద్దానం కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలిసిన ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో డయాలసిస్ మాట తెలియని వీధి ఉండదు. కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఒంట్లోంచి పొటాషియం అనే లవణం సరిగా బయటికి పోదు. ఒక గ్లాసు కొబ్బరి నీళ్ళలో అది అటూ ఇటూగా 500 మిల్లీగ్రాములు ఉంటుంది. డయాలసిస్ తప్పిపోయిన వారంలో రోజుకు మూడు బోండాలు తాగితే గుండె లయ తప్పి, ముందు ఏ సూచనా లేకుండానే ఆగిపోవచ్చు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లలోనూ పొటాషియం ఉంటుంది, అరటిపళ్ళలోనూ ఉంటుంది. సాయం చేయడానికి వచ్చినవాళ్ళు ప్రేమగా పంచేవి కూడా సాధారణంగా ఇవే.

కాబట్టి కిడ్నీ రోగి ఉన్న ఇంట్లో అందరి కంటే ముందు ఆ మనిషికి కాచిన నీళ్ళు మూత ఉన్న బిందెలో పట్టి పెట్టండి. తుఫాను కబురు వినగానే డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేసి వంతు ముందుకు జరపమని అడగండి. చెట్లు అడ్డం పడ్డాక 108 కూడా మీ వీధికి రావడం కుదరదు.

అపోహ: మామ్మ ఏదేదో మాట్లాడుతోంది. భయపడి గాలి సోకింది.

షెల్టరులో రెండో రోజున ఇలాంటి కబురు ఒకటైనా వస్తుంది. నిన్నటి దాకా బాగున్న మనిషి మనవణ్ణి గుర్తుపట్టదు, అర్ధరాత్రి లేచి వెళ్ళిపోతానంటుంది. మంత్రం వేయించడానికి పరిగెత్తకండి. మరుగుదొడ్డికి లేవాల్సొస్తుందని నీళ్ళు తాగడం మానేసి ఉండొచ్చు. మూత్రం ఆగిపోయి ఉండొచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు, జ్వరం ఉండొచ్చు, రోజూ వేసుకునే మాత్ర ఇంట్లో మరిచిపోయి ఉండొచ్చు. ఇవన్నీ మందుకు లొంగేవే. వెంటనే నర్సును పిలవండి. ఈలోగా కళ్ళజోడు పెట్టండి, చెవి మిషను పెట్టండి, తెలిసిన మనిషి చెయ్యి పట్టుకుని కూర్చోండి. కళ్ళజోడు లేక చీకట్లో ఏదీ పోల్చుకోలేకపోవడం వల్ల కంగారు ఇంకా పెరుగుతుంది.

అపోహ: రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాం కదా, చాలు.

దూరంగా ఉన్న కొడుకులకు, కూతుళ్ళకు ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు. కానీ గాలి మొదలయ్యాక సెల్ టవర్లు పనిచేయకపోవచ్చు. మాట్లాడాల్సింది రెండు రోజుల ముందు. "జాగ్రత్త అమ్మా" అని ఊరుకోకుండా ఇలా అడగండి. మాత్రలు ఎన్ని రోజులకు సరిపోతాయి? నాన్నకు డయాలసిస్ ఏ రోజు? షెల్టరుకు ఎవరి బండి మీద వెళ్తారు? పళ్ళ సెట్టు, చేతికర్ర, పింఛను కాగితాలు సంచీలో పెట్టారా?

మీ నంబరు మామ్మకు నోటికి రాదు, అది ఫోనులోనే ఉంటుంది. చార్జింగ్ అయిపోతే అదీ ఉండదు. ఓ అట్టముక్క మీద పెద్ద అంకెలతో రాసి మాత్రల డబ్బాలో పెట్టమని మనవడికి ఇవాళే చెప్పండి.