అడుగు నీరు చేసే పని

"ఏరు ఒకటే, నీరు ఒకటే. మరి మా ఒడ్డు ఏటా కోసుకుపోతుంటే అవతలి ఒడ్డున ఇసుక మేట ఎందుకు వేస్తుంది?" కోనసీమ లంకల్లో ప్రతి వరదకీ వినిపించే ప్రశ్న ఇది. బడిలో చెప్పే జవాబు అందరికీ తెలుసు: వంపులో నీరు బయటి ఒడ్డున వేగంగా పోతుంది, లోపలి ఒడ్డున నెమ్మదిస్తుంది, అందుకే అక్కడ కోత, ఇక్కడ మేట. అది తప్పేమీ కాదు, కానీ సగం జవాబే. ఏటి అడుగున ఉన్న ఇసుక లోపలి ఒడ్డు వాలు మీదికి ఎగబాకి, అంత ఎత్తున ఎలా మేట వేసింది? దాన్ని పైకి నెట్టింది ఎవరు? పాఠం చెప్పేటప్పుడు ఈ రెండో ప్రశ్నను వదిలేయడం వల్లే నది మీద మనకు ఆసక్తి చచ్చిపోతుంది.

జవాబు గాజు గ్లాసులో దొరుకుతుంది. అడుగు చదునుగా ఉన్న గ్లాసులో ముప్పాతిక వంతు నీళ్లు పోసి, వాడేసిన టీ పొడి అర చెంచా వేయండి. పొడి బాగా నాని అడుగుకు దిగాలి. ఎండు పొడి వేస్తే పైన తేలుతుంది, ఏమీ తెలియదు. చెంచాతో ఒకే దిక్కుగా పది చుట్లు తిప్పి, చెంచా తీసేయండి. గిరగిర తిరిగే నీటిలో పొడి అంచులకు పోతుందనుకుంటాం. తీరా చూస్తే అదంతా అడుగున నడిమధ్య కుప్పగా చేరుతుంది. 1926లో ఐన్‌స్టీన్ నదుల వంపుల మీద రాసిన చిన్న పత్రంలో ఈ టీ ఆకులతోనే విషయం వివరించాడు.

తిరిగే నీరు బయటికి ఒరుగుతుంది, కాబట్టి అంచు దగ్గర నీటిమట్టం కాస్త పెరుగుతుంది. నదిలోనూ అంతే. 200 మీటర్ల వెడల్పున్న పాయ, 600 మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరుగుతూ సెకనుకు 1.5 మీటర్ల వేగంతో పారుతోందనుకుందాం. వేగం వర్గాన్ని వెడల్పుతో హెచ్చించి, గురుత్వ త్వరణం, వ్యాసార్ధాల లబ్ధంతో భాగిస్తే 0.076 మీటర్లు వస్తుంది. అంటే బయటి ఒడ్డున నీరు లోపలి ఒడ్డు కంటే దాదాపు ఏడున్నర సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది. కంటికి ఆనని ఆ ఎత్తే నది మొత్తాన్ని నడిపిస్తుంది. ఎత్తు వల్ల వచ్చే ఒత్తిడి నీటిని లోపలికి నెడుతుంది, అపకేంద్ర బలం బయటికి నెడుతుంది. సగటున రెండూ సరిపోతాయి. కానీ ఒత్తిడి పైనుంచి అడుగు దాకా ఒకేలా ఉంటుంది, వేగం అలా ఉండదు. నేల రాపిడికి అడుగు నీరు నెమ్మదిస్తుంది. వేగం సగమైతే అపకేంద్ర బలం నాలుగో వంతుకు పడిపోతుంది, ఒత్తిడి మాత్రం అంతే ఉంటుంది. అక్కడ ఒత్తిడిదే పైచేయి. అడుగు నీరు ఇసుకను మోసుకుంటూ లోపలి ఒడ్డు వైపు పాకుతుంది, పైనీరు బయటి ఒడ్డుకు పోయి అక్కడ కిందికి దిగుతుంది. ముందుకు పారుతూనే ఇలా అడ్డంగా కూడా తిరగడం వల్ల నీరు పురి పెట్టిన తాడులా సాగుతుంది. ఈ అడ్డ వేగం మామూలుగా ప్రధాన వేగంలో పదో వంతు చుట్టూ ఉంటుంది.

"ఆ మడుగు ఏటా ఒకరిని తీసుకుంటుంది" అనే మాట ఏటిఒడ్డు ఊళ్లలో వింటాం. మడుగు ఎవరినీ కోరదు. వంపులో ఈదే మనిషిని పైనీరు బయటి ఒడ్డు వైపు నెడుతుంది. అక్కడ లోతు ఎక్కువ, ఒడ్డు నిట్టనిలువు, పట్టుకోవడానికి ఆసరా ఉండదు, నీరు కిందికి దిగుతుంటుంది. లోపలి వైపు మేట మీద మోకాలి లోతే కదా అని దిగినా, మేట అంచున నేల ఒక్కసారిగా జారిపోతుంది. పిల్లలకు మొక్కులకన్నా ముందు నేర్పవలసింది ఇది.

కోతను ఆపాలనుకునే వాళ్లు చేసే పొరపాటు కూడా ఇక్కడే. ఒడ్డు పైభాగానికి రాళ్లు పేర్చి వదిలేస్తారు. కోత మొదలయ్యేది పాదం దగ్గర. పాదం పోయాక పైరాళ్లు వాటంతట అవే జారిపోతాయి. ఎంత లోతున కోత పడుతుందో లెక్క వేయడానికి 1930లో నీటిపారుదల ఇంజనీరు జెరాల్డ్ లేసీ, ఉత్తర భారతపు కాలువల కొలతల ఆధారంగా ఇచ్చిన సూత్రం మన ఇంజనీర్లు ఇప్పటికీ వాడుతున్నారు. మీటరు వెడల్పుకు సెకనుకు 15 ఘనపు మీటర్ల నీరు, మిల్లీమీటరులో మూడో వంతు రేణువున్న ఇసుక అయితే మామూలు లోతు 8.2 మీటర్లు. గట్టి వంపులో దాన్ని 1.75తో హెచ్చించాలి: 14 మీటర్లు దాటుతుంది, అదీ వరద మట్టం నుంచి. అందుకే గ్రోయిన్లకైనా (ఒడ్డు నుంచి ఏటిలోకి అడ్డంగా కట్టే కట్టలు) రాతికట్టుకైనా ముందు అడుగున వదులు రాళ్ల పరుపు వేస్తారు. కింద ఇసుక పోయేకొద్దీ ఆ రాళ్లు వాలుగా దిగి పాదాన్ని కప్పుతాయి. పరుపు చాలకపోతే పైన ఎంత ఖర్చు పెట్టినా నీటిపాలే.

ఇక చేపలు. ఇసుకను లోపలి ఒడ్డుకు మోసే అదే అడుగు నెమ్మది పొర చేపకు బాట.

5 మీటర్ల లోతున సగటున సెకనుకు 1.5 మీటర్ల వేగంతో పారే నదిని తీసుకుందాం, అడుగున ఇసుక అలలు ఉన్నాయనుకుందాం. పైనీటి వేగం 1.7 మీటర్లు దాటుతుంది. నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తున 0.8 మాత్రమే. చేప సెకనుకు 30 సెంటీమీటర్లు ఎగువకు పోవాలంటే పైన 2 మీటర్లకు మించిన వేగంతో, కింద 1.1 మీటర్లతో ఈదాలి. ఈతకు ఖర్చయ్యే శక్తి వేగపు ఘనానికి అనుపాతంగా పెరుగుతుంది, కాబట్టి పైదారి కిందిదారి కంటే ఆరు రెట్లు ఖరీదు. బొమ్మిడాయిల్లాంటివి నేలనంటి తిరుగుతాయి. తూర్పు కనుమల వాగుల్లో రాళ్లకు అతుక్కునే చిన్న చేపలకు నోటి కిందే అతుకుడు బిళ్ల ఉంటుంది. నేలను అంటని చేపలకూ ఒడ్డువార నీరు, లోపలి వంపు నీరు, రాయి వెనక నీరు ఉన్నాయి. వంకరటింకర నదిలో ఇలాంటి మజిలీలు అడుగడుగునా దొరుకుతాయి. తిన్నగా తవ్విన కాలువలో దొరకవు.

పులస కథ చూడండి. సముద్రంలో ఇలసగా ఉన్న చేప జులై నుంచి వరద నీటికి ఎదురీది గోదావరిలోకి గుడ్లు పెట్టడానికి వస్తుంది. చేపలకు ఒక మోటు లెక్క ఉంది: కొన్ని సెకన్లపాటు ఒంటి పొడవుకు పదింతల వేగం, అలుపు లేకుండా అయితే రెండు మూడింతలు. 40 సెంటీమీటర్ల చేపకు ఇది సెకనుకు 4 మీటర్లు, 1 మీటరు. ఇప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరకు వద్దాం. కాటన్ 1852 నాటికి కట్టించిన ఆనకట్ట స్థానంలో వచ్చిన ఈ బ్యారేజీకి 175 గేట్లు. ఎగువకూ దిగువకూ 2 మీటర్ల తేడా ఉండగా గేటు కొద్దిగా ఎత్తితే కిందనుంచి దూకే నీటి వేగం 6 మీటర్లు దాటుతుంది. పైగా గేటు దిగువన నున్నటి కాంక్రీటు నేల. రాపిడి తగ్గితే నెమ్మది పొర వేళ్ల మందానికి చిక్కిపోతుంది. నదిలో ఉన్న కిందిదారి ఇక్కడ లేదు. పులస పైకి ఎగిరి దూకే చేపా కాదు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యే ముందు ఇదే చేప ప్రయాగ దాకా వెళ్లేది. పెద్ద వరదలో గేట్లన్నీ నీటి పైకి ఎత్తేసినప్పుడు దిగువ మట్టం పెరిగి తేడా తగ్గుతుంది. చేపకు కాస్తయినా వీలు అప్పుడే.

చేపల మెట్లు, అంటే చేప ఎక్కడానికి ఒకదాని పైన ఒకటిగా ఉండి మధ్య గోడల్లో సందులున్న నీటి తొట్లు, కట్టొచ్చు కదా అంటారు. కట్టొచ్చు, లెక్క తప్పకుండా కట్టాలి. ఒక్కో మెట్టుకు 20 సెంటీమీటర్ల తేడా ఉంటే సందులో నీటి వేగం 2 మీటర్లు, 10 సెంటీమీటర్లయితే 1.4. 4 మీటర్ల ఎత్తుకు 10 సెంటీమీటర్ల మెట్లు 40 కావాలి. 3 మీటర్ల తొట్లయితే 120 మీటర్ల కట్టడం. తొట్టి చిన్నదైతే దూకిన నీటి శక్తి చల్లారదు. ఘనపు మీటరు నీటికి 150 వాట్లు దాటితే నురగ, సుడులు పెరిగి చేప దిక్కు తప్పుతుంది. 30 సెంటీమీటర్ల సందు, మీటరు లోతు, 20 సెంటీమీటర్ల మెట్టుతో 7 ఘనపు మీటర్ల తొట్టికి వచ్చేది సుమారు 110 వాట్లు, పరవాలేదు. సందు నేల దాకా తెరిచి ఉండాలి, గడప పెట్టకూడదు. తొట్టి అడుగున 20, 30 సెంటీమీటర్ల గుండ్రాళ్లు సగం పాతాలి, నెమ్మది పొర మళ్లీ పుట్టేది వాటివల్లే.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది చేప మెట్లలోకి దూరే ద్వారం. చేప ఎదురీదుతూ ఇక పోలేని చోట, అంటే గేట్ల పాదం దగ్గర ఆగుతుంది. ద్వారం అక్కడినుంచి 50 మీటర్లు దిగువన పెడితే దాన్ని దాటి వచ్చేసి గేటు ముందే తిరుగుతుంటుంది. ద్వారం నుంచి వచ్చే ధార కూడా చేపకు తెలియాలి. నది ప్రవాహంలో కనీసం నూటికి ఒక వంతు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక నాటి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు. అందులో నూటికి ఒకటంటే 10 వేల క్యూసెక్కులు, ఒక పెద్ద ప్రధాన కాలువ నీరు. ఏ మెట్లూ అంత మోయలేవు. కాబట్టి మెట్లు పనిచేసేది వరద తగ్గుముఖంలోనే. ఆ రోజుల్లో మెట్ల పక్క గేటును కాస్త ఎత్తి ధార అటువైపు నిలబెట్టడం, దూరపు గేట్లను ముందు మూయడం బ్యారేజీ సిబ్బంది చేతిలో ఉన్న పని.